మాట తడబడిన మనిషి రాసిన నాటకాలు

(పోయిన ఆదివారం సాయంత్రం మన గ్రంథాలయం హాల్లో సోమర్‌సెట్ మామ్ మీద జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు గుమ్మం దాకా రాదు. రండమ్మా, కూర్చోండి.

ముందుగా ఒక సంగతి చెప్తాను. 1917వ సంవత్సరం చివర. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. లండన్‌లో ప్రధానమంత్రి లాయిడ్ జార్జ్ దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. వయసు 43. రష్యా నుంచి వచ్చాడు. పైకి రచయిత, లోపల ఇంగ్లండ్ తరఫున రహస్య గూఢచారి. అప్పట్లో రష్యా ప్రభుత్వాన్ని నడుపుతున్న కెరెన్‌స్కీ ఆయనకి ఒక సందేశం అప్పగించాడు. ఎంత రహస్యమంటే, కాగితం మీద పెట్టకూడదు. నోటితోనే చెప్పాలి. ప్రధానమంత్రి చెవిలోనే పడాలి.

ఈయన ఏం చేశాడో తెలుసా? రాసి పెట్టుకున్నాడు. రాయొద్దని చెప్పినదాన్నే రాసుకున్నాడు. ఎందుకంటే ఆయనకి నత్తి. అంత పెద్దమనిషి ఎదుట నిలబడితే మొదటి మాట దగ్గరే నాలుక పట్టేస్తుందని ఆయనకి తెలుసు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆ కాగితం ప్రధానమంత్రి చేతిలో పెట్టాడు. ఆయన చదివి, "ఇది నావల్ల కాదు" అని తిరిగిచ్చేశాడు. ఆ రోజుల్లోనే కెరెన్‌స్కీ ప్రభుత్వం కూలిపోయి బోల్షివిక్కులు వచ్చారు.

నేను అడిగేది ఇది. ఒక్క సందేశం నోటితో చెప్పలేక కాగితం అందించిన ఈ మనిషి అప్పటికి ఎవరు? లండన్ నాటకశాలల్లో అందరికంటే పేరున్న రచయితల్లో ఒకడు. ఆయన రాసిన మాటలు రోజూ సాయంత్రం నటీనటులు గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే జనం పడీపడీ నవ్వేవాళ్లు. నోట మాట రాని మనిషి అంతమందితో అంత చక్కగా ఎలా మాట్లాడించాడు? ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఆయన పేరు విలియం సోమర్‌సెట్ మామ్. ఇంగ్లిష్‌లో రాస్తే మధ్యలో జి, హెచ్ అక్షరాలు ఉంటాయి, వాటిని పలకం. మామ్, అంతే. మీలో చాలామందికి పేరు గుర్తు లేకపోయినా కథ గుర్తుంటుంది. కాలేజీలో "ద లంచన్" అని ఒక పాఠం ఉండేది, గుర్తుందా? పారిస్‌లో ఒక పేద రచయిత. నెలంతా గడవడానికి చేతిలో ఎనభై ఫ్రాంకులు. ఒకావిడ ఖరీదైన హోటల్లో భోజనానికి పిలిపించుకుని, "నేను మధ్యాహ్నం ఏమీ తినను, ఒక్కటే తింటాను" అంటూ చేప, కేవియర్, షాంపేన్, ఆస్పరాగస్, పీచ్ పండ్లు అన్నీ తినేస్తుంది. అదే, ఆ కథే. నేను ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. ఎన్ని బ్యాచ్‌లు మారినా ఆ క్లాసులో నవ్వని పిల్లల్ని చూడలేదు. ఆస్పరాగస్ అంటే ఏమిటో ఒక్కరికీ తెలియదు, అయినా నవ్వేవాళ్లు. జేబులో డబ్బులు చాలక బిల్లు కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో అందరికీ తెలుసు కదా.

ఆయన 1874 జనవరి 25న పుట్టాడు. ఎక్కడ? పారిస్‌లో, బ్రిటిష్ రాయబార కార్యాలయంలోపల. తండ్రి లాయరు, ఆ కార్యాలయానికి న్యాయ వ్యవహారాలు చూసేవాడు. ఫ్రెంచి గడ్డ మీద పుట్టిన మగపిల్లల్ని ఫ్రాన్స్ తన పౌరులుగా లెక్కేసి సైన్యంలోకి తీసుకుంటుందేమో అని అప్పట్లో భయం ఉండేది. అందుకని ఇంగ్లిష్ తల్లుల కాన్పులకి ఆ భవనంలోనే ఏర్పాటు చేశారు. ఇంగ్లిష్ నేల మీద పుట్టినట్టు లెక్క. కానీ ఆ పిల్లవాడికి మొదట వచ్చిన భాష ఫ్రెంచి.

తల్లి పేరు ఈడిత్. చాలా అందగత్తె. ఆమెకి క్షయ. ఆమె కోసం గాడిదల్ని ఇంటి గుమ్మం ముందుకి తోలుకొచ్చి పాలు పితికేవారట, అవి ఆ జబ్బుకి మంచివని. పెద్దయ్యాక ఆయన రాసుకున్నాడు ఈ మాట. మన వీధుల్లో కూడా పసిపిల్లలకి గాడిద పాలు పోయించేవాళ్లు ఉన్నారుగా, అందుకే చదవగానే నాకు ఆ గుమ్మం కళ్లకి కట్టింది. ఆయనకి ఎనిమిదేళ్లు నిండిన కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. తల్లి ఫోటో ఆయన మంచం పక్కన ఉండేది. ఎన్నాళ్లు? 91 ఏళ్ల వయసులో పోయేదాకా.

ఇంకో రెండేళ్లకి తండ్రి కూడా పోయాడు, క్యాన్సర్‌తో. పదేళ్ల పిల్లవాణ్ణి ఇంగ్లండ్‌కి, కెంట్ జిల్లాలో విట్‌స్టబుల్ అనే చిన్న ఊరికి పంపేశారు. అక్కడ తండ్రి తమ్ముడు పాస్టరు. పిల్లలు లేని ఇల్లు. ఆదివారం ఆటలు లేవు, గట్టిగా నవ్వడం లేదు. పిల్లవాడికి ఇంగ్లిష్ సరిగ్గా రాదు. బడికి వెళ్తే తోటి పిల్లలు వెక్కిరించారు. నత్తి అక్కడ మొదలైంది, లేకపోతే అక్కడ ముదిరింది. కాంటర్‌బరీలో కింగ్స్ స్కూల్ అని చాలా పాత బడి. అక్కడ పాఠం పైకి చదవమని లేపితే, ఈ పిల్లవాడు మొదటి అక్షరం దగ్గర ఆగిపోతే, క్లాసంతా గొల్లుమనేది.

నత్తి ఉన్న పిల్లల్ని మీలో టీచర్లు చూసే ఉంటారు. హాజరు పిలిచేటప్పుడు తన పేరు రాకముందే ఆ పిల్లవాడి మెడలో నరం బిగుసుకుంటుంది. "ప్రెజెంట్ సర్" అనే రెండు మాటల కోసం అంత టెన్షన్. నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. నేను ఆ పిల్లవాడి పేరు పిలిచి, జవాబు కోసం ఆగకుండా, కళ్లతో చూసి టిక్కు పెట్టేసేవాణ్ణి. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత మామ్ నవల చదువుతుంటే అనిపించింది, ఆ అబ్బాయి చెప్పేదాకా నేను ఆగి ఉండాల్సింది అని.

ఆ నవల "ఆఫ్ హ్యూమన్ బాండేజ్". దాని గురించి తర్వాత కదా చెప్పాలి, కానీ ఇక్కడే చెప్పేస్తాను. అందులో కుర్రాడి పేరు ఫిలిప్. మామ్ తన నత్తిని తీసి ఫిలిప్‌కి వంకర పాదంగా పెట్టాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. మొదటి పేజీల్లోనే తల్లి చనిపోతుంది. ఆ పిల్లవాడు ఏం చేస్తాడంటే, తల్లి గదిలోకి వెళ్లి బీరువా తలుపు తీస్తాడు. లోపల ఆమె గౌన్లు వేలాడుతుంటాయి. రెండు చేతులతో ఎన్ని అందితే అన్ని గౌన్లు కావలించుకుని ముఖం వాటిలో పెట్టుకుంటాడు. ఆమె వాడిన సెంటు వాసన ఇంకా ఉంటుంది. ఏడుపు గురించి రచయిత పెద్దగా ఏమీ చెప్పడు. ఆ వాసన ఒక్కటి చెప్తాడు.

ఇంకో చోట ఆ పిల్లవాడు బైబిల్లో చదువుతాడు, నమ్మకం ఉంటే కొండలు కూడా కదులుతాయని. నిజమేనా అని బాబాయిని అడుగుతాడు. నిజమే అంటాడు ఆయన. సెలవులు అయిపోయి బడికి వెళ్లే రోజు లోపల నా పాదం బాగవ్వాలి అని పిల్లవాడు గడువు పెట్టుకుంటాడు. మంచు కురిసే చలిలో, ఒంటి మీద బట్ట తీసేసి, నేల మీద మోకాళ్లూని ప్రార్థన. కష్టపడి అడిగితే దేవుడికి ఎక్కువ ఇష్టమని. ఆ రోజు తెల్లవారింది. లేచాడు, మంచం దిగాడు. పాదం ఎలా ఉందో అలాగే ఉంది. కుంటుకుంటూ మెట్లు దిగి టిఫిన్‌కి వెళ్లాడు. మామ్ కూడా చిన్నప్పుడు తన నత్తి పోవాలని ఇలాగే దేవుణ్ణి అడిగాడు. అది కూడా పోలేదు.

సరే, వెనక్కి వద్దాం. పదహారో ఏట ఇక ఆ బడికి వెళ్లనన్నాడు. జర్మనీలో హైడెల్‌బర్గ్ వెళ్లి కొంతకాలం ఉన్నాడు. తిరిగొచ్చాక ఏం చదవాలి? లాయరు అవుదామంటే నోరు లేదు. తండ్రి లాయరు, అన్న తర్వాత్తర్వాత ఇంగ్లండ్ న్యాయవ్యవస్థలోనే పెద్ద పదవి అయిన లార్డ్ ఛాన్సలర్ దాకా వెళ్లాడు. ఇంటి విద్య మాటతోనే బతికేది. ఈ పిల్లవాడి దగ్గర లేనిది అదే. చివరికి 1892లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో వైద్యవిద్యలో చేరాడు. అయిదేళ్లు చదివాడు.

ఆ అయిదేళ్లు ఆయనకి అసలైన చదువు అని నేను అనుకుంటాను. ఆసుపత్రి ఉన్న లాంబెత్ ప్రాంతం అప్పట్లో పేదల మురికివాడ. ప్రసూతి డ్యూటీ పడితే ఇళ్లకి వెళ్లి కాన్పులు చేయాలి. మూడు వారాల్లో అరవైకి పైగా కాన్పులు చూశాడు. పోలీసులు కూడా అడుగుపెట్టడానికి జంకే సందుల్లోకి ఒక్కడే, చేతిలో నల్ల సంచి పట్టుకుని వెళ్లేవాడు. ఆ సంచి చూస్తే ఎవరూ ఏమీ అనరు. డాక్టరు కదా! ఇక్కడ ఒకటి గమనించండి. డాక్టరు ఎక్కువ మాట్లాడక్కర్లేదు. రోగి చెబుతాడు, ఈయన వింటాడు. నొప్పి వచ్చినవాళ్లు, చావుబతుకుల్లో ఉన్నవాళ్లు, భర్త తన్నితే వచ్చినవాళ్లు. వాళ్ల భాష, వాళ్ల తిట్లు, వాళ్ల జోకులు అన్నీ చెవిలో పడ్డాయి. మాట్లాడలేని కుర్రాడికి వినే ఉద్యోగం దొరికింది.

అక్కడినుంచి పుట్టింది మొదటి నవల "లిజా ఆఫ్ లాంబెత్". 1897లో వచ్చింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి కథ. ఆ వాడ మనుషులు మాట్లాడే యాసలోనే మాట్లాడతారు అందులో. మొదటి ముద్రణ కొద్ది వారాల్లోనే అయిపోయింది. ఆ ఏడాదే డాక్టరు పట్టా కూడా వచ్చింది. పట్టా పక్కన పెట్టేశాడు. ఒక్కరోజు కూడా ప్రాక్టీసు పెట్టలేదు. అప్పటికి వయసు 23.

ఆ తర్వాత పదేళ్లు ఏమిటి? పెద్దగా ఏమీ లేదు. తండ్రి వదిలిపెట్టిన ఆస్తి మీద ఏడాదికి 150 పౌండ్లు వచ్చేవి, వాటితో బతికాడు. నవలలు రాశాడు, ఆడలేదు. నాటకాలు రాశాడు, థియేటర్ల వాళ్లు తిప్పి పంపారు.

తిప్పి పంపినవాటిలో ఒకటి "లేడీ ఫ్రెడరిక్". ఎందుకు తిప్పి పంపారో వినండి. కథలో ఒక వితంతువు, నలభైకి దగ్గర పడుతోంది, అందగత్తె, నెత్తి మీద అప్పులు. డబ్బున్న ఒక చిన్న వయసు కుర్రాడు ఆమెని పెళ్లి చేసుకుంటానని వెంటపడతాడు. చేసుకుంటే అప్పులన్నీ తీరిపోతాయి. కానీ ఆమె మనసు ఒప్పదు. ఏం చేస్తుంది? పొద్దున్నే, ముఖానికి ఏమీ రాసుకోకముందే, ఆ కుర్రాణ్ణి తన అలంకరణ గదిలోకి రమ్మంటుంది. కిటికీ తెరలు తీసి ఎండ ముఖం మీద పడేలా కూర్చుంటుంది. ఆ కుర్రాడు చూస్తుండగానే సవరం పెట్టుకోవడం, బుగ్గలకి రంగు, కనుబొమ్మలకి పెన్సిలు, ఒక్కొక్కటి చేస్తూ చూపిస్తుంది. నువ్వు ప్రేమించింది ఇదిగో ఈ డబ్బాల్ని అని. కుర్రాడి మోజు దిగిపోతుంది.

ఏ పెద్ద నటి ఒప్పుకుంటుంది చెప్పండి? జనం ముందు జుట్టు విరబోసుకుని, రంగు లేని ముఖంతో! ఒకరి తర్వాత ఒకరు కాదన్నారు. 1907లో లండన్‌లో కోర్ట్ థియేటర్ మేనేజరుకి ఒక నాటకం దెబ్బతింది, తర్వాతది సిద్ధంగా లేదు. ఆ ఖాళీలో కొన్ని వారాలు నడిపితే చాలని ఇది తీసుకున్నాడు. ఎథెల్ ఇర్వింగ్ అనే నటి ఆ వేషం వేసింది. కొన్ని వారాలనుకున్నది ఏడాదికి పైగా, 400కి మించి ప్రదర్శనలు ఆడింది. 1908 వచ్చేసరికి ఆయన నాటకాలు నాలుగు, "లేడీ ఫ్రెడరిక్", "జాక్ స్ట్రా", "మిసెస్ డాట్", "ది ఎక్స్‌ప్లోరర్", లండన్‌లో ఒకేసారి నడిచాయి. "పంచ్" పత్రిక ఒక కార్టూన్ వేసింది. గోడ మీద అన్నీ మామ్ నాటకాల పోస్టర్లే, పక్కన షేక్స్‌పియర్ నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

మామ్ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఈ కీర్తి కాదు, దాని తర్వాత చేసిన పని. డబ్బు వచ్చి పడుతోంది. కొత్త నాటకం ఎప్పుడిస్తారని మేనేజర్లు గుమ్మంలో నిలబడుతున్నారు. అప్పుడు చిన్ననాటి జ్ఞాపకాలు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. తల్లి చావు, ఆ పాస్టరు ఇల్లు, ఆ బడి. అందరికీ లేదని చెప్పి, రెండేళ్లు నాటకాలు ఆపి, ఆ పెద్ద నవల రాయడానికి కూర్చున్నాడు. యుద్ధం వచ్చింది. నలభై ఏళ్ల వయసులో రెడ్‌క్రాస్ అంబులెన్సు దళంలో చేరి ఫ్రాన్స్ వెళ్లాడు. అక్కడే పని మధ్యలో ప్రూఫులు దిద్దాడు. 1915లో "ఆఫ్ హ్యూమన్ బాండేజ్" వచ్చింది. యుద్ధం గొడవలో ఇంగ్లండ్‌లో దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. అమెరికాలో థియోడోర్ డ్రైజర్ అనే నవలాకారుడు నెత్తిన పెట్టుకుని రాశాడు. అప్పటినుంచి ఈనాటి దాకా అది దొరకని రోజు లేదు.

ఆ నవల రాశాక ఆ బాధ తనని వదిలేసిందని ఆయనే చెప్పుకున్నాడు. నేను పూర్తిగా నమ్మను. పెద్ద వయసులో ఆ నవల మొదటి అధ్యాయం, అదే తల్లి చనిపోయే అధ్యాయం, రికార్డింగు కోసం పైకి చదవబోయి మధ్యలో ఏడ్చేశాడనీ, ఇక చదవలేకపోయాడనీ చెబుతారు. డెబ్భై ఏళ్ల ముసలాయన!

ఆ అంబులెన్సు దళంలోనే ఆయనకి జెరాల్డ్ హాక్స్‌టన్ అనే యువకుడు పరిచయమయ్యాడు. ఇది దాచి చెప్పాల్సిన సంగతి కాదు, సూటిగా చెప్తాను. మామ్ మగవాళ్లని ప్రేమించినవాడు. ఆయనకి 21 ఏళ్లప్పుడు, 1895లో, ఆస్కార్ వైల్డ్‌ని అదే కారణంగా జైలుకి పంపారు. ఆ భయం బతుకంతా ఈయన వెన్నులో ఉంది. సిరీ అనే ఆమెతో పెళ్లి జరిగింది, ఒక కూతురు. ఆ సంసారం ఎవరికీ సుఖం ఇవ్వలేదు, చివరికి విడాకులు. హాక్స్‌టన్‌ని ఇంగ్లండ్ గడ్డ మీదికి రానివ్వకుండా 1919లో ప్రభుత్వం ఆపేసింది. మామ్ చివరికి ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఇల్లు కొనుక్కుని స్థిరపడటానికి అది పెద్ద కారణం.

ఈ హాక్స్‌టన్ గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన మామ్‌కి నోరు. ఇద్దరూ కలిసి ఓడల్లో తిరిగారు. పసిఫిక్ దీవులు, చైనా, బర్మా, మలయా. ఓడ ఎక్కిన గంటలో హాక్స్‌టన్ బార్‌లో అందరితో పేకాటలో కూర్చునేవాడు. మామ్ మూల కూర్చునేవాడు. రాత్రికి హాక్స్‌టన్ కథలు మోసుకొచ్చేవాడు. 1916 డిసెంబరులో హొనలూలూ నుంచి పాగో పాగో వెళ్లే ఓడలో ఒక మత ప్రచారకుడు, ఆయన భార్య, హొనలూలూ వేశ్యావాటిక నుంచి వచ్చిన ఒకావిడ ప్రయాణం చేశారు. పాగో పాగోలో ఆగకుండా వాన. మామ్ నోటుపుస్తకంలో కొన్ని వాక్యాలు రాసుకున్నాడు. 1921లో అదే "రెయిన్" కథ. ఆ కథని మొదట పత్రికలు వద్దన్నాయి. తర్వాత ఇతరులు దాన్ని నాటకంగా మలిస్తే న్యూయార్క్ ఊగిపోయింది, సినిమాలుగా కూడా వచ్చింది.

ఇక్కడ ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఇది నా సొంత ఫిర్యాదు. మామ్ మలయా రబ్బరు తోటల మీద ఎన్నో కథలు రాశాడు. "ది లెటర్" అందులో ఒకటి, తర్వాత తనే దాన్ని నాటకం చేశాడు. తెల్లదొరసాని ఒకడిని తుపాకీతో కాల్చి చంపుతుంది, మానం కాపాడుకోవడానికే అంటుంది. నిజం ఒక ఉత్తరంలో ఉంటుంది. 1911లో కౌలాలంపూర్‌లో జరిగిన ఒక హత్య కేసు దీనికి మూలం. గొప్ప కథ, చదవడం మొదలుపెడితే ఆపలేం. తోటల దొరలు ఇళ్లల్లో అన్నం పెట్టి తమ రహస్యాలు చెప్పుకున్నారు, ఈయన వాటిని అచ్చు వేశాడు. వాళ్లకి చాలా కోపం వచ్చింది.

వాళ్ల కోపం సంగతి అలా ఉంచండి. నా ప్రశ్న వేరు. ఆ తోటల్లో పనిచేసింది ఎవరు? తమిళులు, మన తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లు. మా అమ్మమ్మ వాళ్ల అన్నయ్య అలా వెళ్లినవాడే. మూడు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. మా అమ్మమ్మ పోయేదాకా "మా అన్న మలయాలో ఉన్నాడు" అనే అనేది. మామ్ కథల్లో వరండా ఉంటుంది, విస్కీ గ్లాసు ఉంటుంది, క్లబ్బు ఉంటుంది. చెట్టుకి గాటు పెట్టి పాలు పట్టే మనిషి ఎక్కడో దూరంగా కదులుతుంటాడు, లేకపోతే గ్లాసు తెచ్చి పెట్టి వెళ్లిపోతాడు. అంత చక్కగా వినే చెవి ఆ కూలీల ఇళ్ల వరసల వైపు తిరగలేదు. లాంబెత్ సందుల్లో పేదల మాట పట్టుకున్న మనిషే ఇక్కడ పట్టుకోలేకపోయాడు. నేను ఆయన్ని ఇష్టపడుతూనే ఈ మాట అంటున్నాను.

నాటకాల్లోకి మళ్లీ వద్దాం. 1921లో "ది సర్కిల్", 1926లో "ది కాన్‌స్టంట్ వైఫ్". ఈ రెండోది మన ఆడపిల్లలు తప్పక చదవాలి. కాన్‌స్టన్స్ భర్త పేరున్న సర్జన్. భార్య ప్రాణ స్నేహితురాలితోనే అతనికి సంబంధం. ఊరంతా ఆమెకి చెప్పాలా వద్దా అని గుసగుసలు. ఆమెకి ఎప్పుడో తెలుసు. ఏడవదు, రభస చేయదు. ఏం చేస్తుంది? ఇళ్లు అలంకరించే వ్యాపారంలో చేరి ఏడాది పనిచేసి డబ్బు సంపాదిస్తుంది. ఆ ఏడాది తన తిండికీ ఇంటికీ అయిన ఖర్చు లెక్కగట్టి భర్త ఖాతాలో వేస్తుంది. ఇప్పుడు నీకు బాకీ లేను, నేను ఆరు వారాలు సెలవు మీద వెళ్తున్నాను, నన్ను ప్రేమించే మనిషితో వెళ్తున్నాను అంటుంది. భర్త అడ్డం పడితే ఆమె అడిగేదంతా డబ్బు లెక్కే. తిండి పెట్టినవాడికి హక్కు ఉంటుందనుకుంటే, ఆ తిండి ఖర్చు నేను కట్టేశాను కదా అని. ఇది 1926! దాదాపు వందేళ్ల కిందట. నేను ఈ నాటకం క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీల్లో అబ్బాయిలు నవ్వారు, ముందు బెంచీల్లో అమ్మాయిలు నవ్వలేదు, రాసుకున్నారు.

1932లో "ఫర్ సర్వీసెస్ రెండర్డ్" రాశాడు. యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న కొడుకు ఉన్న కుటుంబం కథ. అది జనానికి చేదుగా ఉండి ఎక్కువ రోజులు ఆడలేదు. మరుసటి ఏడాది "షెప్పీ", అదే చివరిది. లాటరీ తగిలిన మంగలి, ఆ డబ్బు పేదలకి పంచేస్తానంటే ఇంట్లోవాళ్లు పిచ్చి అంటారు. ఆ నాటకంలో మృత్యువు ఒక స్త్రీ రూపంలో వచ్చి ఒక చిన్న కథ చెబుతుంది. అది మీకందరికీ తెలిసే ఉంటుంది, ఎవరి నోటనో విని ఉంటారు. బాగ్దాదులో ఒక నౌకరు బజారుకి వెళ్తాడు. గుంపులో మృత్యువు ఎదురుపడి చెయ్యి ఊపుతుంది. భయపడి యజమాని గుర్రం తీసుకుని సమర్రా ఊరికి పారిపోతాడు. యజమాని బజారుకి వెళ్లి, మావాణ్ణి ఎందుకు బెదిరించావని అడుగుతాడు. మృత్యువు అంటుంది, బెదిరించలేదయ్యా, ఆశ్చర్యపోయాను, ఈ రాత్రికి సమర్రాలో కలవాల్సిన మనిషి ఇక్కడున్నాడేమిటా అని. కథ చాలా పాతది, ఆయన సొంతం కాదు. కానీ ఈ కొన్ని వాక్యాల్లో పెట్టింది ఆయనే. ముప్పైకి పైగా నాటకాలు రాసినవాడు దీంతో స్టేజీకి దండం పెట్టేశాడు. థియేటర్లు అడుగుతూనే ఉన్నాయి, ఆయన మాత్రం మళ్లీ రాయలేదు.

ఫ్రాన్స్‌లో ఆయన ఇంటి పేరు విల్లా మోరెస్క్. మేడ మీద రాసుకునే గది. కింద మధ్యధరా సముద్రం, లోకంలో అంత అందమైన దృశ్యం ఉండదంటారు. ఆయన ఆ సముద్రం వైపు కిటికీని ఇటుకలతో కట్టించేశాడు. చూపు అటు పోతే పని సాగదని. రోజూ పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం భోజనం వేళ దాకా రాయడమే. పండగ లేదు, చుట్టాలు లేరు. ఎనభై ఏళ్లు వచ్చేదాకా అదే. 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌లోకి వస్తుంటే ఆ ఇల్లు వదిలి, బొగ్గు మోసే ఓడలో, వందలమంది మధ్య, మూడు వారాలు నానా కష్టం పడి ఇంగ్లండ్ చేరాడు. అప్పటికి వయసు 66.

ఇక మనకి దగ్గరి సంగతి. 1938లో ఆయన మన దేశం వచ్చాడు. తిరువణ్ణామలై వెళ్లాడు, రమణ మహర్షి ఆశ్రమానికి. ఇక్కడున్నవాళ్లలో అరుణాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్లు ఎంతమంది? చూశారా, సగం చేతులు లేచాయి. మామ్ ఆశ్రమానికి వెళ్లిన రోజు మహర్షిని చూడకముందే స్పృహ తప్పి పడిపోయాడు. ఎండ వల్లో, ప్రయాణం వల్లో. తేరుకున్నాక ఒక గదిలో పడుకోబెట్టారు. పెద్ద హాల్లోకి రాలేని స్థితి అని తెలిసి మహర్షి తనే ఆ గదికి వచ్చి కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు అలాగే. మామ్ ఏమైనా అడగాలా అని సందేహపడితే, మౌనం కూడా సంభాషణే అని చెప్పారు మహర్షి.

నేను ఈ ఘట్టం చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. యాభై ఏళ్లకి పైగా ప్రతి గదిలోకీ అడుగుపెట్టేముందు మొదటి మాట ఎలా వస్తుందో అని బెదిరిన మనిషి. ఆ గదిలో ఆయన్ని మాట అడిగినవాళ్లు లేరు. మామ్ ఆధ్యాత్మికుడు అయిపోయాడని నేను అనను. చివరిదాకా దేవుణ్ణి నమ్మలేదాయన. కానీ ఆ గది ఆయన్ని వదల్లేదు. 1944లో "ది రేజర్స్ ఎడ్జ్" వచ్చింది. యుద్ధం నుంచి వచ్చిన అమెరికన్ కుర్రాడు లారీ, డబ్బు, పెళ్లి వదిలేసి వెతుక్కుంటూ దక్షిణ భారతంలో ఒక గురువు దగ్గరికి చేరతాడు. ఆ గురువులో మహర్షి పోలికలు ఉన్నాయి. పేరు ఎక్కడిది? కఠోపనిషత్తు. "క్షురస్య ధారా నిశితా దురత్యయా". కత్తి అంచు మీద నడక. పద్నాలుగేళ్ల తర్వాత, 84 ఏళ్ల వయసులో, మళ్లీ మహర్షి మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు.

చివరి సంవత్సరాలు బాగాలేవు, తొందరగా చెప్పి వదిలేస్తాను. మతి తప్పింది. చనిపోయిన భార్య మీద చెడుగా రాసి అచ్చు వేయించాడు. పెయింటింగుల అమ్మకం మీద కూతురితో కోర్టుకెక్కాడు. స్నేహితులు దూరమయ్యారు. 1965 డిసెంబరులో పోయాడు.

కానీ బాగున్నప్పుడు చేసిన ఒక పని చెప్పాలి. 1947లో తన డబ్బుతో ఒక బహుమతి పెట్టాడు, 35 ఏళ్ల లోపు రచయితలకి. షరతు ఏమిటంటే, ఆ డబ్బుతో విదేశాలు తిరగాలి. ఇల్లు కట్టుకోవడానికి కాదు. వి.ఎస్. నైపాల్‌కి, డోరిస్ లెసింగ్‌కి ఆ బహుమతి వచ్చింది. అలాగే తన పుస్తకాలు ఇచ్చి ఒక బడికి గ్రంథాలయం ఏర్పాటు చేశాడు. ఏ బడికి? కాంటర్‌బరీ కింగ్స్ స్కూల్. తను నోరు తెరిస్తే క్లాసంతా నవ్విన ఆ బడికే. ఆయన అస్థికలు కూడా అక్కడే, ఆ గ్రంథాలయం గోడ పక్కన మట్టిలో కలిపారు.

మొదట ఏది చదవాలని అడుగుతారు. చిన్న కథలతో మొదలుపెట్టండి. "ది వెర్జర్" అని ఉంది, అయిదారు పేజీలు. చదువు రాని చర్చి ఉద్యోగి కథ. మన గ్రంథాలయంలో రెండో బీరువా, కింద అరలో ఆయన కథల సంపుటం ఉంది, నేను వచ్చేముందు చూశాను. అట్ట ఊడింది, పేజీలు సరిగానే ఉన్నాయి. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి. నెమ్మదిగా అడగండి, టైము ఉంది.